కుండలో ఎవరి ఊదలు?

రెండు తొట్లు. ఒక్కో తొట్టిలో నూరేసి ఊద గింజలు. అన్నీ ఒకే కుండలోవి, ఒకే రోజు వేసినవి, ఒకే చెంబుతో నీళ్ళు తాగినవి. వేలి కణుపు ఒక్కటి మునిగేంత లోతులో వేసిన తొట్టిలో ఆరో రోజు పొద్దునకు ఎనభై ఒక్క మొలకలు లేచాయి. రెండు కణుపుల లోతులో వేసిన తొట్టిలో పంతొమ్మిదే.

తిరుమలమ్మాళ్ అవ్వ నేర్పింది రెండు కణుపుల లోతు.

సరణ్య ఆ రెండో తొట్టిని వేళ్ళతో తవ్వి చూసింది. మట్టి కింద తెల్లటి మొలకలు దారం ముక్కల్లా మెలికలు తిరిగి పడివున్నాయి. వెలుగు ఎటు వుందో తెలియక వెతికి వెతికి అలసిపోయినట్టున్నాయి. సరిగ్గా అప్పుడే వీధిలో మేకలను తోలుకుపోతున్న ఇరుళాయి ఆగి, తొట్టిలోకి తొంగిచూసి, బోసినోటితో నవ్వింది.

"నా విత్తనాన్ని ఇంత లోతుకు పాతిపెట్టినారే, తాయీ!"

అంతే. మేకలు కదిలాయి, వాటి వెనక ఆమె కదిలింది. 'నా విత్తనం' అన్న ఆ రెండు మాటలు మాత్రం తొట్టి దగ్గరే నిలిచిపోయాయి. పోయిన వారం మనం సరణ్యను వదిలింది కూడా అక్కడే.

సరణ్య కోయంబత్తూరు పక్కనున్న అవినాశి పిల్ల. ఆరేళ్ళు బనియన్ కంపెనీలో చెకింగ్ బల్ల ముందు నిలబడి కుట్లలో తప్పులు వెతికింది. బావి లేకుండా, బోరు లేకుండా, నల్లరేగడి మీద ఒక ఇల్లు తన తిండి తాను ఎలా పండించుకుంటుందో నేర్చుకోవాలని రెండేళ్ళ కిందట మదురై దగ్గరి తిరుమంగళం దాటి సీలమనాయకన్‌పట్టికి, తన అవ్వకు చెల్లెలైన తిరుమలమ్మాళ్ ఇంటికి వచ్చింది. నేర్చుకున్నది దాచుకోలేదు. ప్రతి ఆదివారం ఐదుగురు ఆడవాళ్ళకు చెప్పింది. ఆ ఐదుగురూ ఇంట్లో మగవాళ్ళతో వాదించి, ఈ ఏడు ఊదల కోసం ఎకరం చొప్పున పత్తి మానుకున్నారు.

వాన పడ్డాక నల్లరేగడిలో దిగితే కాలు ఊడిరాదు. అందుకే వానకు ముందే, ఎండు దుమ్ములో విత్తెయ్యాలి. విత్తనం లోపల పడుకొని వాన కోసం ఎదురుచూడాలి. పైపైన వుంటే చిన్న తూరకే, నాలుగు చినుకులకే లేచి, మర్నాటి ఎండకు మాడిపోతుంది. మరీ లోతుగా వుంటే ఎంత వాన పడినా పైకి రాలేదు. విద్యంతా ఆ లోతులో వుంది.

ఎల్లుండి పొద్దున విత్తాలి. విత్తనం ఒక్కసారికే వుంది. లోతు తప్పితే ఐదు ఎకరాలూ, ఐదుగురు ఆడవాళ్ళ మాటా మట్టిలో కలుస్తాయి.

*

పురటాసి నెల, వానలకు ముందటి నెల. మిట్టమధ్యాహ్నం. బయట నల్లటి చేల మీద ఎండమావులు ఏరుల్లా పారుతున్నాయి. దూరంగా నడిచే మనిషి మోకాళ్ళ దాకా నీళ్ళలో వున్నట్టు, ఆ నీళ్ళలోనే తేలిపోతున్నట్టు కనిపిస్తున్నాడు. గాలి ఎక్కడో కూర్చుండిపోయింది.

విత్తనాల గదిలో పెంకు సందు నుంచి ఒక్కటే వెలుగు చార దిగింది. దానిలో బూడిద నలుసులు పైకీ కిందికీ పోకుండా నిలబడి మెరుస్తున్నాయి. ఆ చార పక్కనే తిరుమలమ్మాళ్ చేట పట్టుకొని కూర్చుంది. డెబ్బై ఆరేళ్ళు. చేట ఎగరేస్తే ఒక్క గింజ తప్పి కూడా కింద పడదు.

"అవ్వా, ఈ ఊదలు ఎక్కడివి?"

చేట ఆగలేదు.

"ఎన్నిసార్లు చెప్పేది పాపా! మనోళ్ళు తుంగభద్ర దాటి ఈ పక్కకు వస్తా ఉంటే దోవలో ఎద్దులు చచ్చె, బండ్లు విరిగె. మొదటి అవ్వ కొప్పులో దాచి తెచ్చిన విత్తనం ఒకటే మిగిలె. ఆమె నుంచి కోడలికి, ఆ కోడలి నుంచి ఇంకో కోడలికి... మా అత్త నాకిచ్చె. నేను నీకిస్తా ఉండాను. సరియా?"

"ఇరుళాయి తనదంటోంది."

చేట గాల్లో ఒక్క క్షణం నిలిచింది. మళ్ళీ కదిలింది.

"దానికి డెబ్బై ఎనిమిది. పోయిన నెల దాని మేకను అదే గుర్తు పట్టలే. వేరేవాళ్ళ మేకను ఇంటికి తోలుకొచ్చి పేరు పెట్టి పిలస్తా ఉండె."

"మేకను మరిచిపోయింది. మొలకను మరిచిపోలేదు."

"ఏమే, బనియన్లకు కొలత పెట్టినట్ల మొలకలకు టేపు పెట్టుకొని తిరగతా ఉండావు. పైరంటే చొక్కానా, చెయ్యి పొడుగయితే కత్తిరించేదానికి?"

ఇంకో రోజైతే సరణ్య నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. చేట ఎదురుగా గొంతుక్కూర్చుంది. కంపెనీలో మేస్త్రీ ముందు తప్పున్న బనియన్ పరిచి చూపించినట్టు, ఒక్కో మాటా నిదానంగా పరిచింది.

"ఊళ్ళో అందరూ ఎకరాకు నాలుగు కిలోలు చల్లుతారు. నువ్వు ఎనిమిది చల్లుతావు. ఎందుకని అడిగితే నీ చెయ్యి పెద్దదన్నావు. నీ చెయ్యి చూడు, నా చెయ్యి చూడు."

తిరుమలమ్మాళ్ చూడలేదు.

"లోతుగా వేస్తే సగానికి సగం లేవవని నీకు తెలుసు. అందుకే రెండింతలు చల్లుతున్నావు. సరి, దాన్నీ వదిలేస్తాను. కొప్పు విత్తు సంగతి చెప్పు."

ఈసారి చేట నేల మీదికి దిగింది.

కొప్పు విత్తు ఆ ఊరి పాత ఇళ్ళలో వున్న వాడుక. విత్తే రోజు ఇంటికి పెద్దదైన ఆడది పిడికెడు విత్తనం చిన్న గుడ్డలో కట్టి కొప్పులో దోపుకుంటుంది. తల మీద కొంగు లేకుండా, వెనక్కి తిరగకుండా చేనికి నడిచి, మొదటి చాలులో కొప్పు విప్పుతుంది. ఆ మొదటి అవ్వ నడిచి వచ్చిన నడకను గుర్తు చేసుకోవడమట. పక్కింటివాళ్ళు మొన్న పత్తి గింజతో కూడా ఆ పని చేశారు.

"రెండు విత్తులు నేను నీ వెనకే నడిచాను అవ్వా. ముందేడు జలుబన్నావు, తల మీద కొంగు. పోయినేడు తలనొప్పన్నావు, మళ్ళీ కొంగు. చాలు మొదట్లో నువ్వు వంగినప్పుడు గాలికి కొంగు జారింది." సరణ్య గొంతు తగ్గింది. "కొప్పు ఖాళీ."

వెలుగు చార కొంచెం జరిగి తిరుమలమ్మాళ్ పాదాల మీదికి వచ్చింది. ముసలామె ఆ వెలుగును, అది తన పాదాలు కాక ఎవరివో అయినట్టు, చాలాసేపు చూసింది.

"తలుపు వెయ్యి," అంది.

సరణ్య తలుపు వేసింది.

*

"నలబై మూడేళ్ళాయె. పెద్దోడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. రెండేళ్ళు వరసగా ఐపసి నెల వాన రాలే. మీ తాత మదురైలో బండి తోలతా ఉండె. మా అత్త కాలు విరిగి మంచంలో. ఒకనాడు చిన్నది గోడ దగ్గర కూచోని సున్నం నాకతా ఉండె. ఏమే అంటే, తియ్యగా ఉండాదమ్మా అనె."

ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పింది.

"కుండ తెరిస్తి. విత్తనం దంచితే వంశానికి అచ్చిరాదని తెలుసు. ఒక పిడికెడే, రేపు ముట్టుకోనంటి. మర్నాడు కూడా అదే మాట అంటి. నలబై రోజులు అంటానే ఉంటి. కంజి కాచి పిల్లలకు పోసి, మా అత్తకు పోసి, మిగిలితే నేను తాగితి. మా అత్త ఏమి కంజి అని అడగలే. రోజూ పడుకొనే ముందు మాత్రం చేతికర్రతో కుండను తట్టి వినేది. అందుకని నేను ఇసుక పోసి పెడితి. తట్టితే ఇసుక కూడా ఊదల మాదిరే మోగతాది పాపా."

సరణ్యకు ఆ చప్పుడు వినిపించినట్టే అనిపించింది. తలుపు మూసిన గది, మంచంలో ముసలామె, చీకట్లో కర్ర కొనతో ఇసుకను పలకరిస్తున్న చెయ్యి. నలబై మూడేళ్ళ అవతల నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టుంది.

"మూడో ఏడు మబ్బు పట్టె. విత్తాల. కుండలో ఇసుక. ఇరుళాయి అప్పుడు మా చేనిలోనే కలుపు తీసేది. దాని ఊదలు సొరబుర్రలో పోసి చూరుకు కట్టి పెట్టేది. ఎంత ఆకలైనా అది ముట్టుకోలే. అది కట్టెలకు పోయినప్పుడు నేను పోతి. సగం ఒంపుకొని, బుర్రను మళ్ళీ కట్టేసి వస్తి."

"పంట?"

"ఆ ఏడు వాన ఆగలే. నేల బురద బురద. ఎంత లోతులో వేసినా లేచె. మా అత్త మొదటి కంకిని చేతిలో పట్టుకొని అట్ల తిప్పి ఇట్ల తిప్పి, 'ఎప్పుడూ లేనిది ఎరుపు తిరిగిందేమే' అనె. ఇంకేమీ అనలే. సంక్రాంతి వచ్చే తైమాసం దాటకుండా పోయె."

తిరుమలమ్మాళ్ చేటలోంచి నాలుగు గింజలు తీసుకొని అరచేతిలో పోసుకుంది. నిజమే. బూడిద రంగు గింజకు అంచున సన్నటి ఎర్రటి గీత.

"ఊరికి అబద్ధం చెప్పినాను. నీకు చెప్పినాను. కొప్పులో పెట్టుకొని ఆ మొదటి అవ్వకు కూడా ఎట్ల చెప్పేది? అందుకే కొంగు."

"అవ్వా, ఈ రెండు కణుపుల లోతు..."

"మా అత్త నేర్పింది. ఆ విత్తనానికి. అది మొండి విత్తనం, పాతాళంలో వేసినా లేచేది. ఇది వేరే అని మొదటి ఏడే తెలిసె. దీని లోతు ఎంతో, దీన్ని ఎట్ల చూసుకోవాలో ఎవరినడిగేది? ఎత్తుకొని వచ్చినదాన్ని ఎట్ల విత్తేదని సొంతదారునే పోయి అడిగేదా?"

విత్తనాన్ని దొంగిలించవచ్చు. దాని విద్యను దొంగిలించడం కుదరదు. ఆ సంగతి ఆ ముసలామె నలబై మూడు పంటలుగా, ఏటా సగం మొలకలను మట్టిలో పోగొట్టుకుంటూ, ఒక్కతే మోసింది.

సరణ్య ఫోను మోగింది. పాండీశ్వరి. ఐదుగురిలో నోరు పెద్దది ఆమెదే. రెండు విత్తనాల కుండల్లో ఒకటి చోటు చాలక రెండు నెలలుగా, ఆడి నుంచి ఆమె ఇంట్లోనే వుంది.

"ఏ కోయంబత్తూరు పిల్లా! ట్రాక్టరు గొర్రు ఎల్లుండి ఆరు గంటలకు చెప్పేసినాను. ఆ మనిషి లోతు ఎంత పెట్టేదని అడగతా ఉండాడు. రెండు కణుపులే కదా?"

సరణ్య తిరుమలమ్మాళ్ వైపు చూసింది. తిరుమలమ్మాళ్ గోడ వైపు చూసింది.

"సాయంత్రం చెప్తాను అక్కా."

"సాయంత్రమా? నిన్న దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లవు, ఈ పొద్దు ఏమాయె?"

సరణ్య ఫోను పెట్టేసింది.

"ఒక్క కణుపు అని చెప్పేసేయ్," అంది తిరుమలమ్మాళ్. "నీ తొట్టిలో లేచె కదా."

"తొట్టిలో నీళ్ళు పోసింది నేను. రోజూ, వేళకు. మబ్బు నా చేతిలో చెంబు కాదు అవ్వా. ముందు తూర పడి వారం ఎండ కాస్తే? లేచినవన్నీ మాడిపోతాయి. ఇరుళాయికి ఏదో తెలుసు. పోదాం రా."

"నేను రాను. నువ్వు పో."

*

ఇరుళాయి ఇల్లు ఊరి తూర్పు కొసన. తిన్నె మీద ఆమె, తిన్నె కింద రెండు మేకలు. చూరుకు సొరబుర్ర ఒకటి వేలాడుతోంది. ఎండకు, పొగకు, చేతుల తాకిడికి అది తేనె రంగు తిరిగి, లోపల దీపం వున్నట్టు మెరుస్తోంది.

సరణ్య విషయమంతా చెప్పి, ఎంత లోతులో విత్తాలో అడిగింది. ఇరుళాయి మేక చెవిలో పిడుదు తీస్తూ విన్నది. ఆమెది తమిళం. చేలల్లో పని చేసి నేర్చిన తెలుగు మధ్య మధ్యలో కలుస్తుంది.

"నువ్వు నా దగ్గర ఏమీ తీసుకోలేదే, తాయీ."

"అవ్వ తరఫున అడుగుతున్నాను."

"మీ నాయక్కరమ్మకు ఆకలైతే నువ్వు తిని వస్తావా? అడిగేది కూడా అట్లే. ఎవరిది వాళ్ళే అడగాల."

"ఆమె రాదు పాటీ."

"అట్లనా?" ఇరుళాయి గడ్డంతో వీధి వైపు చూపించింది. "మరి అది ఎవరు?"

సరణ్య తిరిగి చూసింది.

వీధి పొడవునా తెల్లటి ఎండ. ఆ ఎండలో, కాళ్ళు నేలకు తాకుతున్నాయో లేదో తెలియకుండా, తిరుమలమ్మాళ్ వస్తోంది. తల మీద కొంగు లేదు. తూనీగలు ఆమె నడుము ఎత్తులో గుంపుగా ఎగురుతూ, దారి ఇస్తూ, మళ్ళీ ఆమె వెనక కలుసుకుంటున్నాయి. తలుపుల దగ్గర ముఖాలు కనిపించాయి. ఈ ఇంటి వైపు తిరుమలమ్మాళ్ రావడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఆమె వెనక ఇరవై అడుగుల దూరంలో పాండీశ్వరి, వీరాయి, మిగిలిన ముగ్గురు. ఫోనులో సరణ్య గొంతు బాగోలేదని పాండీశ్వరి అందరినీ వెంటేసుకొని బయల్దేరింది.

తిరుమలమ్మాళ్ తిన్నె ముందుకు వచ్చి నిలబడింది. కూర్చోలేదు.

"ఇరుళాయీ, నీ బుర్రలో ఊదలు ఎత్తుకొనింది నేను."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ సాయంత్రం నుంచే. నాది ఎడమ చెయ్యి వాటం. నేను కడితే ముడి ఆ పక్క పడతాది. కట్టెలు దించి చూస్తే ఈ పక్క ఉండె."

"మరి ఎందుకు నా మీదికి రాలే?"

ఇరుళాయి పిడుదును రాయి మీద నలిపింది. "ఎత్తుకొనిపోయినవాళ్ళు తింటారో, విత్తుతారో చూస్తామని ఉంటి. నువ్వు విత్తినావు. చేనిలో లేచి నిలబడినదాన్ని తిరిగి ఇమ్మని ఎట్ల అడిగేది?"

"లోతైనా చెప్పి ఉండచ్చునే! నలబై మూడేళ్ళు!"

"నువ్వు అడగలే." ఇరుళాయి నవ్వింది. "ఏటేటా నీ చేను పక్కగా మేకల్ని తోలుకొని పోతా చూసేదాన్ని. మొలకలు పళ్ళూడిన నోరు మాదిరి. భలే నవ్వు వచ్చేది. తరవాత నా పళ్ళు ఊడె. నవ్వేది మానుకొంటి."

తిరుమలమ్మాళ్ పెదవులు వణికాయి. ఏడుపనుకుంది సరణ్య. కాదు, నవ్వు. నలబై మూడేళ్ళు లోతుగా పాతిన నవ్వు, పైకి వచ్చేసరికి తెల్లగా మెలికలు తిరిగి వుంది. ఆమె తిన్నె మీద కూర్చుంది. రెండు ముసలి మోకాళ్ళు పక్కపక్కనే.

"ఎట్ల విత్తేది, చెప్పు," అని అడిగింది.

ఇరుళాయి మాటలతో చెప్పలేదు. చేతులతో చెప్పింది. మేక పెంటికలు చిదిమింది. గంగాళంలో నీళ్ళు పోసి కలిపింది. పాత చీర గుడ్డలో వడకట్టించింది. కషాయం రంగు నీళ్ళు నిలబడ్డాయి.

"పొద్దు గూకేలోగా విత్తనం దీనిలో పడాల. కోడి కూసేదాకా నానాల. రేపంతా నీడలో, గాలిలో, చేత్తో తిప్పతా తిప్పతా ఆరబెట్టాల. పట్టుకొంటే ముందు ఎట్ల గలగలమనెనో అట్ల అనాల. ఎల్లుండి ఒక్క కణుపు లోతులో విత్తి, పైన గుంటక తోలండి. ఒకసారి తడి చూసి ఆరిన విత్తనం మోసపోదు, తాయీ. తూరకు లేచినా, నడుమ వారం ఎండ కాస్తే పండుకొని ఓర్చుకొంటాది. అది కల కంటా ఉండాదని అనేది మా అమ్మ."

సరణ్య ఫోను తీసి రాసుకోబోయింది. ఇరుళాయి ఆ చెయ్యి పట్టుకొని తెచ్చి నీళ్ళలో ముంచింది.

"ఇక్కడ రాసుకో. ఈ చిక్కదనం వేళ్ళకు తెలియాల."

ఐదుగురూ వంతులవారీగా వంగి చేతులు ముంచారు. పాండీశ్వరి తప్ప.

"ఇంకొకటి," అంది ఇరుళాయి. "తడిపినాక వెనక్కు పోయేది లేదు. తడి చూసిన విత్తనం ఇంకో ఏడుకు నిలవదు. ఎల్లుండి విత్తాల, లేదంటే కోళ్ళకు వెయ్యాల. మీ దగ్గర ఉండేదంతా తెండి."

"నేను ఒప్పుకోను," అంది పాండీశ్వరి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"కొప్పులో వచ్చిన విత్తనం, మనవాళ్ళ విత్తనం అని కదా మా మామ దగ్గర ఒక ఎకరం అడిగి పెట్టుకొంటి! ఇప్పుడు పోయి అది దొంగ విత్తనం అని చెప్పేదా? తిరుమలమ్మత్తా, నువ్వు ఎత్తుకొస్తివి, మాకు అబద్ధం చెప్తివి, ఇప్పుడు మేక పెంటికల్లో వేసి ఉండేది కూడా పోగొట్టేదా? నా ఇంట్లో ఉండే కుండను నేనివ్వను."

"మీ మామ కంజి తాగేటప్పుడు ఊదలను ఏ ఊరు, ఎవరింటి బిడ్డ అని అడుగుతాడా ఏమే?" అంది వీరాయి. ఐదుగురిలో తక్కువ మాట్లాడేది ఆమే. మిగతావాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"నువ్వు గమ్మునుండు వీరాయీ!"

సరణ్య లేచింది. "పాండీశ్వరక్కా, అబద్ధం అవ్వది. తప్పు లోతు నేర్పింది నేను. రెండూ ఇక్కడే, అందరి ముందే ఒప్పుకుంటున్నాం. ఇంక పొద్దు గూకడానికి ఒక గంటే వుంది. ఎకరాకు నాలుగు కిలోలే చల్లినా ఒక్క కుండ రెండున్నర ఎకరాలకే వస్తుంది. ఐదుగురిలో ఎవరిని వదిలెయ్యమంటావు?"

పాండీశ్వరి తన ఇంటి వైపు చూసింది. నుదుట చెమట పట్టింది. వీరాయి, ఇంకొకామె అప్పటికే కుండల కోసం వీధిలో నడుస్తున్నారు. పాండీశ్వరి ఒక అడుగు వాళ్ళ వెనక వేసి, ఆగిపోయి, తిన్నె స్తంభానికి ఆనుకుంది.

ఎండ పసుపు తిరిగింది. రెండు కుండలూ తిన్నె కింద చేరాయి. సరణ్య మొదటి కుండ మూతకు మెత్తిన మట్టిని పగలగొట్టి, గంగాళంలోకి ఒంపింది. ఊదలు సన్నగా, పట్టు చీర మడత జారినట్టు జారాయి. పురుగు పట్టకుండా కలిపిన బూడిద ఒక మబ్బులా లేచింది. గింజలు నీళ్ళను తాకి, ఒక్క క్షణం తడబడి, తిరుగుతూ తిరుగుతూ అడుగుకు దిగాయి. గుప్పెడు తాలు మాత్రం పైన తేలింది. ఇరుళాయి దాన్ని చేత్తో తీసి పారేసింది.

"మంచి విత్తనం," అంది. "బాగా చూసుకొన్నావు, నాయక్కరమ్మా."

తిరుమలమ్మాళ్ తల వంచుకుంది. ఆ మాట ఆమె ఎవరి నోట విన్నా గర్వపడేది. ఈ నోట విని కళ్ళు తుడుచుకుంది.

రెండో గంగాళం. రెండో కుండ. సరణ్య ఒంపింది.

గింజలు నీళ్ళ మీద పరుచుకున్నాయి. మునగలేదు. సరణ్య చేత్తో అదిమింది. మునిగి, వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ పైకి వచ్చి, నెమ్మదిగా తిరుగుతూ నిలబడ్డాయి. కుండ అడుగు దాకా ఒంపింది. అన్నీ అంతే. ఇరుళాయి ఒక గింజను గోటి మీద పెట్టి నొక్కింది. పొట్టు రెండుగా విడింది. లోపల ఏమీ లేదు.

"అంతా తాలు. పోయినేడు తూర్పారబట్టిన కళ్ళం అడుగుది." ఆమె గొంతులో నవ్వు లేదు. "ఇది ఎవరో నింపిన కుండ."

ఎవరూ పాండీశ్వరి పేరు ఎత్తలేదు. స్తంభం దగ్గర ఆమె అలాగే జారి కూర్చుండిపోయింది.

"మా అక్క అడిగె," అంది నేల చూస్తూ. "పోయిన నెల, ఆవణిలో. మీరంతా మన విత్తనం, మన విత్తనం అని ఊరంతా చెప్తా ఉండారు కదా, మా అక్కకు కూడా ఆశ పుట్టె. మిమ్మల్ని అడిగితే ఇవ్వరేమో అనుకొంటి. పంట రాగానే రెండింతలు పోసి నింపేస్తామంటి. అత్త చేనిలో ఏటా సగం లేవవు కదా, ఇవి లేవకున్నా ఎవరికీ తెలియదనుకొంటి."

"ఎక్కడుంది ఇప్పుడు?" సరణ్య ఆమె ముందు వంగింది. "దంచేశారా?"

"లే లే! దంచలే. విత్తేసినారు. రెండున్నర ఎకరాలు. నిన్నటికి అయిపోయె."

"ఎంత లోతులో?"

పాండీశ్వరి తలెత్తి ఆమెను చూసింది.

"నువ్వు నేర్పిన లోతులోనే, నేను దగ్గరుండి వేయించినాను. రెండు కణుపులు. తప్పకుండా, టేపు పెట్టి చూసి మరీ."

ఆమె చెయ్యి పడమటి దిక్కుకు లేచింది, వాళ్ళక్క ఊరి వైపు. అందరూ అటు తిరిగారు. ఆకాశం అంచు నుంచి నేల దాకా బూడిద రంగు వాన తెర ఒకటి దిగి వుంది. చప్పుడు ఇంకా ఇక్కడిదాకా రాలేదు. మట్టి వాసన మాత్రం వచ్చింది.